పదకొండో నంబరు అంగీ

బోర్డు మీద తన పేరు అట్టడుగున ఉందన్న సంగతి కళావతికి మొదట చెప్పింది సుల్తానా. చెప్పడం కూడా తిన్నగా చెప్పలేదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ప్యాసింజర్ ఎక్కి, కాజీపేటలో దిగి, బస్సు పట్టుకుని హనుమకొండ చేరి, అక్కణ్నుంచి కాలేజీ దాకా సగం నడకా సగం పరుగుగా వచ్చిన మనిషిని గేట్లోనే నిలేసింది.

"ఒసే కళా, ఇప్పుడే లోపలికి పోకు. జర చాయ్ తాగుదాం పా, నేను తాగిపిస్త."

సుల్తానా తన చేత్తో ఎవరికైనా చాయ్ తాగిపించిందంటే ఏదో కొంప మునిగిందనే లెక్క.

"ఏమైందే? మీ అబ్బాకు పాణం బాగలేదా?"

"మా అబ్బాకేమైతది, గుండ్రాయోలె ఉన్నడు. పొద్దుగాల్నే నన్ను సైకిల్ మీద దింపి, నీ కోసం ఈడ నిలబడితే ఎందుకు నిలబడ్డవని నన్నే తిట్టి పోయిండు." సుల్తానా ముఖం పక్కకు తిప్పుకుంది. "సారంగపాణి సారు లెక్కలు అతికించిండు. నువ్వు చూడకే. చూసుడెందుకు."

చూడొద్దంటే చూడకుండా ఉండే మనిషి ఎవరున్నారు లోకంలో! కళావతి నేరుగా నోటీసు బోర్డు దగ్గరికే వెళ్ళింది.

సారంగపాణి సారు ఆ ఆడపిల్లల కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాడు. ఆ ఏడే బాస్కెట్‌బాల్ జట్టు బాధ్యత కూడా ఆయన నెత్తిన పడింది. అంతకు ముందు ఆ పని చూసినాయన ఎవరి మేనమామ చిట్టీ పంపితే వాళ్ళను ఆడించేవాడు. సారంగపాణి సారుకు అట్లాంటివి గిట్టవు. ఆయన బాలును పట్టుకోవడం ఎరగడు గానీ మ్యాచ్ జరిగినంతసేపూ పరీక్ష అట్ట ఒళ్ళో పెట్టుకుని, ఏ నంబరు అంగీ వేసుకున్న పిల్ల ఎంతసేపు ఆడింది, ఎన్నిసార్లు రింగు మీదికి వేసింది, అందులో ఎన్ని పడ్డాయి అని పెన్సిల్‌తో గీతలు గీస్తూ కూర్చునేవాడు. అంకెలకు కులమూ లేదు, సిఫార్సూ లేదు అన్నది క్లాసులో ఆయన అనే మాట. పిల్లలు ఆ మాటకు నవ్వేవాళ్ళు గానీ మనసులో ఆయనంటే గౌరవమే.

ఆ గీతలన్నీ ఇప్పుడు ఎర్రసిరా గళ్ళల్లో కూర్చున్నాయి. మైదానంలో ఉన్న ప్రతి పది నిమిషాలకు ఎవరు ఎన్ని పాయింట్లు తెచ్చారన్నది ఆఖరి గడి. పైన సుల్తానా బేగం. మధ్యలో కెప్టెన్ సారలమ్మ, మిగతావాళ్ళు. అందరికంటే కింద కళావతి, గడిలో సున్నా. పాయింట్లే కాదు, రింగు మీదికి వేసిన గడిలో కూడా సున్నానే. ఆ కిందనే, శుక్రవారం మ్యాచ్‌కు దిగే అయిదుగురి పేర్లు. ఏడాది పొడుగునా మొదటి అయిదుగురిలో ఉన్న కళావతి పేరు అందులో లేదు.

శుక్రవారం మ్యాచ్ అట్లాంటి ఇట్లాంటి మ్యాచ్ కాదు. దాన్ని చూడటానికి యూనివర్సిటీ నుంచి సెలెక్టర్లు వస్తున్నారు. యూనివర్సిటీ జట్టులో ఆడినట్టు కాగితం ఉంటే డ్రిల్ టీచర్ ట్రైనింగ్‌లో సీటు దొరుకుతుంది. ఇదే ఆఖరి సంవత్సరం. మెడలో విజిల్ వేసుకుని ఘన్‌పూర్ బడిలో పిల్లలను వరసగా నిలబెట్టే రోజు కోసం మూడేళ్ళుగా ఆ ప్యాసింజర్ బండి తలుపు దగ్గర నిలబడి ప్రయాణం చేస్తోంది. వాళ్ళమ్మ బక్కమ్మకు విజిలంటే రైలు గార్డు విజిలే తెలుసు. అయినా బిడ్డ మెడలో అది వేలాడుతుందంటే మురిసిపోతుంది. ఇప్పుడు బెంచీ మీద కూర్చున్న పిల్లను ఏ సెలెక్టరు చూస్తాడు?

"నే చెప్పిన కదా చూడకని," అంది వెనక నుంచి సుల్తానా.

"సున్నా ఎట్లొస్తదో నీకెర్కనే కదా," అంది కళావతి.

ఆమెకెర్కనే. జట్టులో అందరికీ ఎర్కనే.

జట్టుకున్నవి ఎనిమిది ఎర్ర నూలు అంగీలు, వీపు మీద తెల్లగుడ్డతో కుట్టిన నంబర్లు. ఎప్పుడో కొన్నవి. అందులో పదకొండో నంబరుది కుడిచంక కింద చినిగింది. కుడితే ఆ పక్కన చినిగింది. మళ్ళీ కుడితే ఇంకో పక్కకు పాకింది. మ్యాచ్ రోజు పొద్దున అటెండర్ సోమక్క అంగీల మూట విప్పగానే హాస్టల్ పిల్లలు, ఊళ్ళో పిల్లలు తలా ఒకటి లాక్కునేవాళ్ళు. ఘన్‌పూర్ బండి ఎప్పుడూ ఆలస్యమే కాబట్టి కళావతి వచ్చేసరికి మూటలో మిగిలేది ఆ పదకొండే. ఎవరూ కావాలని చేసింది కాదు. ఎవరూ కాదని ఆపిందీ లేదు.

లోపల షమ్మీ ఉంటుంది కదా, అంత మాత్రానికి ఏమైందంటారేమో. ఆ ఏడు మొదటి మ్యాచ్ జనగామలో ఆడినప్పుడు గోడ మీద కూర్చున్న పోరగాళ్ళను అడగాలి ఆ మాట. కళావతి రింగు కింద ఎగిరి చెయ్యెత్తిందో లేదో, "కిటికీ తెరిచింద్రో!" అని ఒకడు అరిచాడు. ఇక గోడ గోడంతా "కిటికీ! కిటికీ!" అని ఒకటే ఈలలు. ఆ రోజు నుంచి పిల్లలు కూడా ఆ అంగీని కిటికీ అనే పిలుస్తున్నారు, నవ్వు కోసమే. కళావతి మాత్రం ఆ అంగీలో ఉండగా మళ్ళీ భుజం దాటి చెయ్యి లేపలేదు. బాలు అందితే నడుము దగ్గర నుంచే పాస్ ఇచ్చేది. ఎక్కువ పాస్‌లు సుల్తానాకే పోయేవి. సుల్తానా చెయ్యెత్తి వేసేది, పడేది, సారు పెన్సిల్‌తో గీత గీసేవాడు. ఆ గీత సుల్తానా గడిలోకి పోయేది.

మధ్యాహ్నం బెల్లు కొట్టాక కళావతి ధైర్యం చేసి స్టాఫ్ రూముకు వెళ్ళింది. సారంగపాణి సారు టిఫిన్ డబ్బా మూత పెడుతున్నాడు. కోపగించుకోలేదు. పక్కన కుర్చీ చూపించాడు, కూర్చోలేదని తనే లేచి నిలబడ్డాడు.

"బాధైతదమ్మా, నాకెర్కే. కానీ నువ్వే చూడు." కాగితం ఆమె వైపు తిప్పాడు. "ఏసినవి పోయినయంటే అది వేరే మాట. ఎవలైనా పోగొడ్తరు. నువ్వు అసలు ఎయ్యనే లేదు. ఏడాది మొత్తంల ఒక్కపారి ఏసినవ్, గది జనగామల. తర్వాత లేనే లేదు. సగటుల గదొక్కటీ లెక్కకు రాకుండ పోయింది. ఎందుకు ఎయ్యవ్?"

కళావతి గచ్చు వైపు చూసింది. చంకలో చినిగింది సార్ అనాలి. అంతే. చిన్న మాటే. కానీ ఆ మాట మగ మాస్టరు ముందు, అదీ ఇంకో ముగ్గురు మాస్టర్లు చాయ్ తాగుతున్న గదిలో అనడానికి నోరు ఎట్లా వస్తుంది?

"భయమా?" అన్నాడు సారు మెల్లగా.

ఏదో ఒకటి అనాలి. "అవ్ సార్," అంది.

"మరి ప్రాక్టీసుల బాగానే ఏస్తవు కదా, నేను చూసిన."

"అవ్ సార్."

"జనం ముందట చేతులు రావు. కొందరికట్లనే ఉంటది. నీ తప్పేం లేదు." ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "ఫికర్ చెయ్యకు. ఎవలికన్న దెబ్బ తగిల్తే నిన్నే దింపుత."

బయటికి వచ్చాక కళావతికి తన మీద తనకే వచ్చింది కోపం. భయపడ్డానని ఒప్పుకుంది! ఎన్నడూ ఎవరికీ భయపడని మనిషి, బండి కదులుతుంటే పరిగెత్తి ఎక్కే మనిషి, చేయని తప్పును నెత్తిన వేసుకుని వచ్చింది. సిగ్గు పోతుందని అబద్ధమాడితే ఆట పోయింది.

ఆ సాయంత్రం ప్రాక్టీసులో ఆమె తన సొంత జాకెట్టు మీద పాత చొక్కా వేసుకుని ఆడింది. మొరం కోర్టు మీద సున్నపు గీతలు చెరిగిపోయి ఉన్నాయి. పక్క నుంచి వేసింది, ఎదురు నుంచి వేసింది, వెనక్కి ఎగురుతూ వేసింది. చెయ్యి చెవి పక్క నుంచి నిలువుగా లేచి, ఆఖర్న మణికట్టు వంగి, బాలు బోర్డును తాకకుండా లోపలికి జారేది. సారలమ్మ చప్పట్లు కొట్టింది. సారంగపాణి సారు గట్టు మీద కూర్చుని చూశాడు. పెన్సిల్ మాత్రం జేబులోనే ఉంది. ప్రాక్టీసు ఆయన లెక్కలోకి రాదు.

పోతూ పోతూ కళావతి సోమక్కను అడిగి పదకొండో నంబరు అంగీని సంచిలో పెట్టుకుంది.

"నువ్వు ఆడవు కదా బిడ్డా, నీకెందుకది?" అంది సోమక్క. ఆ మాట పొరపాటున అనేసి నాలుక కరుచుకుంది.

"నేనాడకున్న ఎవలో ఒకలు ఏసుకోవాలె కదక్కా. మా అమ్మతోని ఒకపారి కుట్టిపిస్త."

*

మర్నాడు పొద్దెక్కకముందే బక్కమ్మ గడపలో కూర్చుని ఆ అంగీని వెలుతురుకు ఎత్తి పట్టి చూసింది. నాట్లకు పోవాలి, బయట ఆడవాళ్ళు కేకలేస్తున్నారు. అయినా లేవలేదు. చినిగిన చోట వేలు పెట్టి కొద్దిగా లాగింది. పోగులు వదులైపోయి చేతికొచ్చాయి.

"బట్ట సచ్చిపోయింది బిడ్డా. దారం గట్టిగనే ఉంటది, అది పట్టుకునేటందుకు బట్టుండాలె కద."

"జర ఎట్లన్న చెయ్యే అమ్మా."

బక్కమ్మ చినుగు రెండు అంచులూ దగ్గరికి లాగి సన్నగా కుట్టింది. పంటితో దారం కొరికింది. "చెయ్యి కిందికున్నంతసేపు నిలుస్తది. పైకి లేపినవా, మల్ల గంతే." తర్వాత బిడ్డ ముఖం చూసి ఆగింది. "ఎందుకే గట్లున్నవ్? పెద్దాటకు దింపుతలేరా?"

తల్లులకు ఎవరు చెప్తారో ఇవన్నీ! కళావతి తలుపు వెనకకు పోయి జడ వేసుకుంది. "దింపుతరు. ఎందుకు దింపరు," అంది. బక్కమ్మ ఇంకేమీ అడగకుండా ఆ అంగీని నాలుగు మడతలు పెట్టి, చేత్తో సాపు చేసి, సంచిలో పెట్టింది.

*

శుక్రవారం బండి మామూలు కంటే ఎక్కువే ఆలస్యమైంది. గేటు దగ్గర సుల్తానా మళ్ళీ నిలబడి ఉంది. ఈసారి చాయ్ ఊసెత్తలేదు. కళావతి భుజానికున్న సంచి లాక్కుని, అందులోంచి పదకొండో నంబరు అంగీ తీసుకుని, తన చేతిలో ఉన్న అయిదో నంబరుది అందులో కుక్కింది. అయిదో నంబరు జట్టులోకెల్లా మంచి అంగీ. రంగు కూడా ఇంకా పోలేదు.

"ఏం చేస్తానవే?"

"ఇయ్యాల కిటికీ నాది."

"పిచ్చి లేసిందా? నువ్వు ఆడాలె, సెలెక్టర్లు వస్తాండ్రు!"

"వస్తే రానీ. అంగీకేమైతది? నువ్వు ఏడాదంతా ఏసుకున్నవ్, నేనొక్క రోజు ఏసుకుంటే సచ్చిపోత్నా? నీకు బెంచీ మీద కూసుండేటప్పుడన్న మంచి అంగీ ఉండాలె." సుల్తానా నవ్వబోయింది, నవ్వు సగంలో వంకరపోయింది. "నా గడిల ఉన్నయన్ని నీ పాస్‌లే కదనే. రెండు రాత్రుల నుంచి నిద్ర పడ్తలేదు నాకు."

కళావతి సుల్తానా చేతిని పట్టుకుని గట్టిగా గిల్లింది. వాళ్ళిద్దరి మధ్యా ప్రేమకు అదే పద్ధతి.

మ్యాచ్ ఇంకో కాలేజీ మైదానంలో. చుట్టూ జనం, ఓ పక్క గోడ. గోడ మీద ఎప్పటిలాగే పోరగాళ్ళు. కుర్చీల్లో ఇద్దరు సెలెక్టర్లు. సారంగపాణి సారు పరీక్ష అట్ట ఒళ్ళో పెట్టుకుని జట్టు బెంచీ చివర కూర్చున్నాడు. పక్కన సోమక్క, ఆ పక్కన శుభ్రమైన అయిదో నంబరు అంగీలో కళావతి.

విజిల్ పడింది. సారలమ్మ బాలు అందుకుని రింగు కింద ఉన్న సుల్తానాకు ఇచ్చింది. ఎదురుగా ఎవరూ లేరు. సుల్తానా అట్లాంటివి కళ్ళు మూసుకుని వేస్తుంది. చెయ్యి లేచింది, భుజం దాకా వచ్చింది. బక్కమ్మ వేసిన కుట్టు చర్రుమంది. ఆ చప్పుడు బెంచీ దాకా వినిపించి ఉండదు గానీ కళావతికి వినిపించినట్టే అయింది. సుల్తానా చెయ్యి టక్కున కిందికి వచ్చేసింది. బాలు నడుము దగ్గర నుంచి పక్క పిల్లకు పోయింది.

"అరె! ఎందుకెయ్యలే?" అన్నాడు సారు తనలో తాను.

రెండోసారీ అంతే. ఆ తర్వాతా అంతే. కుడిమోచేయి పక్కటెముకలకు అతుక్కుపోయింది. పరిగెత్తేటప్పుడు కూడా ఎడమ చెయ్యే ఊగుతోంది. గోడ మీద ఎవడో గుర్తుపట్టాడు. "అరేయ్, పదకొండు! గదే కిటికీ!" అని ఒక ఈల పడింది. సుల్తానా ముఖం కందగడ్డలా అయింది. అంగీ మాట ఎంత తేలికగా అన్నదో పొద్దున! ఇప్పుడు ఆ చెయ్యి ఆమె మాట వినడం లేదు. సైడు గీత దగ్గర బాలు కోసం ఆగినప్పుడు బెంచీ వైపు చూసింది. ఇట్లనా నువ్వు ఏడాదంతా ఆడింది అని అడుగుతున్నాయి ఆ కళ్ళు. కళావతికి తను ఆడుతున్నప్పుడు రాని ఏడుపు, చూస్తుంటే వచ్చింది.

హాఫ్ టైముకు అవతలి జట్టు చాలా ముందుకు పోయింది. పిల్లలు నీళ్ళు కూడా ముట్టకుండా నేల మీద కూలబడ్డారు. సారంగపాణి సారు తిట్టలేదు. అట్ట మీది కాగితాన్నే చూస్తున్నాడు. పాత కాగితాన్ని కింద నుంచి తీసి, దీని పక్కన పెట్టి, అటూ ఇటూ చూశాడు. నుదురు ముడిపడింది.

"సుల్తానా, పదకొండు నీదెప్పటి సంది?"

"ఇయ్యాల్నే సార్."

"మొన్నటిదాంక అయిదేసుకుని అందరికంటె ఎక్కువ ఏసినవ్. ఇయ్యాల పదకొండేసుకున్నవ్, అసలు ఎయ్యనే లేదు." పెన్సిల్ గడి మీద ఆగింది. ఆయన పాఠం చెప్తున్నట్టు కాదు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు మాట్లాడుతున్నాడు. "కొత్తవాడల మా నాయిన జంపకానాలు నేసేటోడు. ఒకపారి గుడ్డల పొడుగూతా ఒక గీత పడ్డది. దారం మంచిగలేదనుకుని నేను దారం మార్చిన. మల్ల గీతే. ఇంకో రంగు మార్చిన. మల్ల గక్కడ్నే. మా నాయిన నెత్తిమీద ఒకటి కొట్టి, దారాలు దూరే పన్నెల ఒక పుల్ల వంగింది, గది చూడరా అన్నడు." తలెత్తాడు. "మనిషి మారింది, సున్నా మారలే. ఈ అంగీల ఏమున్నదమ్మా?"

అందరూ నేల చూపులే. కెప్టెన్ సారలమ్మ కూడా. కళావతి చీలమండ గోక్కుంది. అప్పుడు సుల్తానా లేచి నిలబడింది.

"చంకల చినిగింది సార్. చెయ్యి లేపితే కనవడ్తది. గోడ మీద పోరగాండ్లు కిటికీ కిటికీ అని ఒర్లుతరు. గందుకే కళ ఎయ్యలే. భయమూ లేదు, గియమూ లేదు. దాని బండి లేటుగొస్తది, మేం మంచియన్ని ఏసుకుని అది దానికి వదిలిపెడ్తం. గంతే సార్!"

అనేసింది! అంత సులువుగా! ఆకాశం విరిగి మీద పడలేదు. సారంగపాణి సారు ముఖం మాత్రం ఎర్రబడింది. కళావతి వైపు ఒక్క క్షణం చూసి, "ఓర్ని..." అన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఒక్కసారిగా లేచాడు.

"సోమక్కా, సూది దారం ఉన్నదా?"

సోమక్క దగ్గర ఉండని వస్తువు ఏముంది! తమలపాకుల సంచిలోంచి తీసింది. "నేను మూడుమార్లు కుట్టిన సారూ. బట్టనే నిలుస్తలేదు."

"కుడితె నిలువది. చెయ్యి లేస్తే బట్ట పోయేటందుకు జాగ లేదు, గుంజుకుని చినుగుతది. జాగ ఇయ్యాలె దానికి. దుప్పటి పట్టున్రి."

నీళ్ళ కుండ కింద పరిచిన దుప్పటిని దులిపి ఆటకు దిగని పిల్లలూ సోమక్కా చుట్టూ తెరలా ఎత్తి పట్టారు. సుల్తానా లోపలికి దూరింది. సారు వీపు తిప్పి నిలబడ్డాడు. దుప్పటి పై నుంచి ఎర్ర అంగీ వచ్చి ఆయన భుజం మీద పడింది. జేబులోంచి తెల్ల రుమాలు తీశాడు. పంటితో అంచు కొరికి చర్రున చింపి, నాలుగు పలకల ముక్క చేశాడు. కుట్టు విప్పి, ముక్కను మూల వారగా చంకలో పెట్టి, గట్టు మీద బాసిపట్టు వేసుకుని కుట్టడం మొదలుపెట్టాడు. ఆ వేళ్ళు పెన్సిల్ పట్టుకున్నప్పటి వేళ్ళు కావు. సూది ఎక్కడ దిగుతోందో చూడకుండానే దిగుతోంది, ఎంత దూరంలో తేలాలో అంత దూరంలోనే తేలుతోంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. గోడ మీది పోరగాళ్ళకు ఇదేం తమాషానో అంతు పట్టలేదు.

రిఫరీ వచ్చాడు. "సార్, టైమైంది."

"సగం అయింది, ఇంక సగం ఉన్నది," అన్నాడు సారు సూది ఆపకుండా. "కళావతీ, సుల్తానా జాగల నువ్వు పో."

కళావతి దిగింది. మంచి అంగీ, నిండు అంగీ, ఎక్కడా దారం కూడా లేవలేదు. సారలమ్మ మొదటి బాలే ఆమెకిచ్చింది. రింగు ఎదురుగా ఉంది. ఇక వేయడమే. అయితే చిత్రం చూడండి, చెయ్యి లేవలేదు. ఏడాది పాటు పక్కటెముకలకు అంటుకున్న చెయ్యి అంగీ మారిందని ఎట్లా నమ్ముతుంది? బాలు నడుము దగ్గర నుంచే పక్కకు పోయింది. కళావతికి అప్పుడు నిజంగా భయమేసింది. సారు దగ్గర ఆడిన అబద్ధం ఇప్పుడు నిజమైంది. చినుగు అంగీలో లేదేమో, తనలోకే వచ్చేసిందేమో.

కొంతసేపటికి దుప్పటి దిగింది. సుల్తానా విజిల్ కోసం ఆగి, సారలమ్మకు అలుపు తీర్చడానికి ఆమె స్థానంలో పరిగెత్తుకుంటూ వచ్చింది. గోడ మీద ఈల లేచింది. "కిటికీ!"

సుల్తానా ఆగింది. గోడ వైపు తిరిగి కుడి చెయ్యిని నిలువునా, వేళ్ళు విప్పి, ఆకాశంలోకి ఎత్తింది. చంకలో ఎర్రబట్ట మధ్య తెల్ల రుమాలు ముక్క తళుక్కుమంది. ఎత్తిన చెయ్యిని దించకుండా అట్లాగే నిలబడింది. గోడ మీద ఒకడు ఏదో అనబోయి ఆగాడు. ఇంకొకడు నవ్వాడు గానీ అది ఆమెను చూసి కాదు, అనబోయి ఆగినవాణ్ని చూసి. కిటికీ మూతపడింది.

మరుక్షణం బాలు సుల్తానాకు వచ్చింది. వేయొచ్చు. వేయలేదు. నడుము దగ్గర నుంచి, అచ్చం కళావతి ఇచ్చినట్టే, కళావతికి ఇచ్చింది.

"ఎయ్యవే!" అని గొంతు చించుకుని అరిచింది.

కళావతి చెయ్యి లేచింది. భుజం దాటింది, చెవి దాటింది. ఎక్కడా ఏదీ చిరగలేదు. మణికట్టు వంగింది. బాలు పోయి రింగుకు కొట్టుకుని బయట పడింది.

పోయింది! పాత అలవాటు కొద్దీ ఆమె చూపు బెంచీ మీదికి పోయింది. ఇప్పుడు సారు గీత గీస్తాడు, వేసిన గడిలో ఒకటి, పడిన గడిలో సున్నా. కానీ సారంగపాణి సారు చేతిలో పెన్సిల్ లేదు. అట్ట నేల మీద బోర్లా పడి ఉంది. ఆయన లేచి నిలబడి ఉన్నాడు. వేళ్ళ మధ్య సూది, దానికి ఎర్ర దారం వేలాడుతోంది.

"మల్లెయ్యి బిడ్డా! పోతే పోనీ, మల్లెయ్యి!"

మళ్ళీ వేసింది. ఈసారి పడింది. ఆ తర్వాతది పోయింది, దాని తర్వాతది పడింది. పక్క నుంచి, ఎదురు నుంచి, వెనక్కి ఎగురుతూ. ఎన్ని పడ్డాయో ఎవరూ లెక్క పెట్టలేదు, పెట్టే మనిషి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు కాబట్టి.

అయినా ఓడిపోయారు, ఒక్క బాస్కెట్ తేడాతో. సుల్తానా నేల మీద వెల్లకిలా పడుకుని చేతులు రెండూ బారచాపింది. కళావతి ఆమె పక్కన కూర్చుని కుండలోంచి ముంచిన నీళ్ళు తాగుతుంటే, సెలెక్టర్లలో పెద్దాయన సారంగపాణి సారు దగ్గరికి వచ్చాడు.

"ఆ అయిదో నంబరు అమ్మాయి ఎవరండీ? మొదటి సగమంతా బెంచీ మీద ఎందుకు కూర్చోబెట్టారు?"

సారు నేల మీది అట్ట తీసి దుమ్ము దులిపాడు. దాని వైపు చూడలేదు. "తప్పు నాదే," అన్నాడు. "నంబరును నమ్మకున్రి సార్, గది ఇయ్యాల్నే ఏసుకుంది. పేరు రాసుకోన్రి. కళావతి. స్టేషన్ ఘన్‌పూర్. పొద్దటి ప్యాసింజర్‌ల వస్తది, పొద్దుమీకి బండికి పోతది."

పెద్దాయన రాసుకున్నాడు. "సోమవారం ట్రయల్స్‌కు పంపండి. ఆ పదకొండును కూడా."

కళావతి చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. సుల్తానా ఒక్క ఉదుటున లేచి ఆమె చేతిని పట్టుకుని గిల్లింది, చర్మం ఊడొచ్చేట్టు. ఇద్దరికీ కళ్ళనీళ్ళు కారుతున్నాయి. ఇద్దరూ నవ్వుతున్నారు.

పొద్దు వాలుతుంటే సోమక్క ఎర్ర అంగీలు ఒక్కటొక్కటిగా మడిచి మూట కట్టసాగింది. ఘన్‌పూర్ బండికి టైమవుతోందని కళావతి చెప్పులు వేసుకుంది. సారంగపాణి సారు సగం రుమాలుతో చెమట తుడుచుకుంటూ వచ్చి మూట దగ్గర నిలబడ్డాడు.

"సోమక్కా, ఒక మాట. ఇగ మీదట ఘన్‌పూర్ బండొచ్చేదాంక మూట విప్పకు."